సంపూర్ణ అంధకారానికి ఏర్పాట్లు

కాకినాడ దాటి వరిచేలు మొదలయ్యే చోట వైభవ్ ఎన్‌క్లేవ్ అని ఒక కాలనీ ఉంది. గేటుకి అటూ ఇటూ సిమెంటు సింహాలు, లోపల ఒకే అచ్చులో పోసినట్టు ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ పక్కింటివాళ్ళకంటే తాము ఒక మెట్టు పైన ఉన్నామని నమ్మే కుటుంబం ఉంటుంది. ఆ మెట్టు ఎక్కడుందో పదిమందికీ చూపించడానికి ఏడాదికోసారి దీపావళి వస్తుంది.

కిందటేడు దీపావళికి ఒకాయన సీరియల్ బల్బులు పాతబడిపోయాయని చెప్పి, టెంట్ హౌస్ నుంచి ఏకంగా స్టేజీ లైట్లు తెప్పించి డాబా మీద పెట్టించాడు. తీర్థాల్లోనూ పెళ్ళి సంగీత్‌ల్లోనూ తల అటూ ఇటూ తిప్పుకుంటూ ఆకాశంలోకి వెలుగు కర్రలు విసురుతాయే, అవి. ఎదురింటాయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అంతకు రెట్టింపు లైట్లూ, పైగా ఒక పొగ మిషనూ తెప్పించాడు. ఆ పోటీలో ఒక లైటు తల కాస్త ఎక్కువ తిరిగి, సంక్షేమ సంఘం అధ్యక్షులు గోపాలకృష్ణంరాజు గారి పడగ్గదిలో దూరింది. ఇల్లేమైనా అంటుకుందేమోనని రాజుగారు లుంగీ బనీనుతో కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. లైటు సరిగ్గా ఆయన మీద ఆగిపోయింది. కింద జనం ఇదీ ప్రోగ్రాంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. వెనకనించి ఎవరో ఈల కూడా వేశారు.

రాజుగారు ఏదో శాఖలో ఉప కమిషనరుగా చేసి రిటైరైనవారు. ఏ శాఖో ఎవరూ అడగలేదు. సంతకం పెట్టేముందు కళ్ళజోడు మార్చుకునే తీరు చూసి, పెద్ద శాఖే అయ్యుంటుందని సరిపెట్టుకున్నారు. ఆయన సర్వసభ్య సమావేశం పెడితే, ఇంక స్టేజీ లైట్లు బందు అనుకుని అందరూ మొహాలు వేలాడేసుకుని వెళ్ళారు.

"నిషేధించడం నా అభిమతం కాదు," అన్నారు రాజుగారు. "నిషేధమనేది వెనకబడిన కాలనీల లక్షణం. మనం సమన్వయిస్తాం. ఎవరి లైటు వారిది అనే సంకుచిత ధోరణికి నేటితో స్వస్తి. కాలనీలోని సమస్త వెలుతురూ ఇకపై ఒకే కార్యక్రమం కింద, ఒకే మీట కింద, ఒకే క్రమశిక్షణ కింద నడుస్తుంది. దీనికి సమగ్ర కాంతి విధానం అని నామకరణం చేస్తున్నాను."

ఆ సమావేశంలో వెనక వరస కుర్చీలోంచి ఒక చెయ్యి లేచింది. అది శేషగిరిది.

శేషగిరి ఎరువుల కంపెనీలో స్టోర్సు ఆఫీసరు. కాలనీలో ఇల్లు కొనుక్కుని కొత్తగా దిగాడు. బోల్టు దగ్గర్నుంచి బాయిలరు దాకా, నంబరు పడని వస్తువు ఈ లోకంలో లేనట్టే అని స్టోర్సులో చేరిన మొదటిరోజు ఎవరో చెబితే, ఆ ముక్క వేదంలా పట్టుకున్న మనిషి. పెళ్ళిలో తాళిబొట్టుకి కూడా మనసులో ఒక నంబరు ఇచ్చుకున్నాడని అతని భార్య సుభాషిణి అంటుంది.

"మరి లైట్లకి నంబర్లు వేశారా అండి?" అనడిగాడు శేషగిరి. "స్టేజీ లైట్లంటే ప్రతిదానికీ ఒక నంబరుంటుందండి. ఫలానా నంబరు ఇప్పుడు ఎర్రగా వెలుగు, ఫలానాది తల తిప్పు అని మీటల పెట్టెలోంచి ఆర్డరు వెళ్తుంది. నంబరు లేకపోతే మాట వినదండి."

రాజుగారు కళ్ళజోడు మార్చుకుని అతన్ని చూశారు. అయిదు నిమిషాల్లో శేషగిరి వైభవ్ ఎన్‌క్లేవ్ లైటింగ్ డైరెక్టరు అయిపోయాడు. కార్యక్రమం జయప్రదమైతే వచ్చే ఎన్నికల్లో అతన్ని కోశాధికారిగా చూడాలని ఉందని రాజుగారు నలుగురిలో అన్నారు కూడా. ఊళ్ళో ఒక క్లబ్బు వాళ్ళు ఉత్తమ దీపావళి కాలనీకి షీల్డు ప్రకటించారట. ఆ షీల్డు గేటు దగ్గర సింహానికి తగిలించడానికి మేకు కూడా కొట్టించేశారు.

శేషగిరి ఇంటికి తేలిపోతూ వచ్చాడు. వచ్చేసరికి సుభాషిణి కొత్త ప్రమిదలు బకెట్టు నీళ్ళలో నానబెడుతోంది.

"ఏవండీ, ఈసారి పిట్టగోడ పొడుగూతా వరసగా పెట్టేస్తానండి. ఇన్నాళ్ళూ అద్దె కొంపల్లో మెట్టు మీద ఒకటి, గడప పక్కనొకటి. అదీ ఓనరుగారి మొహం చూసి. మన గోడ, మన దీపాలు. ఎన్నాళ్ళనించి అనుకుంటున్నానో."

శేషగిరి బకెట్టులోకి చూశాడు. "ప్రమిదలా?" అన్నాడు.

"కాపోతే కోడిగుడ్లా?"

"అది కాదు సుభా. కాలనీ లైట్లన్నీ ప్రోగ్రాం చేస్తున్నాం కదా. ప్రమిదకి నంబరివ్వడం కుదరదే. పెరగమంటే పెరగదు, తగ్గమంటే తగ్గదు, రంగు మారదు, ఆగమన్నప్పుడు ఆగదు."

"అచ్చం నాలాగే ఉందన్నమాట. ఇన్నేళ్ళు నాతో వేగారు కదా, దాంతోనూ వేగండి," అని సుభాషిణి బకెట్టు పెరట్లోకి తీసుకుపోయింది.

ఆ సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాడు శేషగిరి. ముందు నంబర్లు వెయ్యాలి.

లైటంటే ఏమిటో తేల్చడానికి ఉపసంఘం కూర్చుంది. బల్బులూ ట్యూబులైట్లూ సరే, మరి మిగతావి? చాలా తర్జనభర్జన తర్వాత, "చీకటికి భంగం కలిగించు ఏ వస్తువైనను" అని రాజుగారు నిర్వచనం రాయించారు. ఆ తర్వాత శేషగిరి ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి చీకటికి భంగం కలిగించేవన్నీ రాసుకొచ్చాడు. ఫ్రిజ్‌లో బల్బు. స్కూటరు హెడ్‌లైటు. దేవుడి గదిలో బుద్ధి పుట్టినప్పుడు వెలిగే లక్ష్మీదేవి చక్రం. గ్యాసు పొయ్యి మంట. ఒకరింట్లో నడిస్తే మెరిసే పిల్లాడి బూట్లు. కాలనీని ఆనుకున్న చేలో మిణుగురు పురుగులు తిరుగుతున్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తే, సెక్రటరీ భాస్కరమూర్తి గారు పొలం రైతుకి నోటీసు పంపారు. "నాదేం లేదండి, ఆటి ఇష్టం అండి" అని రైతు చెప్పి పంపిన జవాబుని నిర్లక్ష్య ధోరణిగా నమోదు చేశారు.

చంద్రుడి విషయం కూడా చర్చకి వచ్చింది. ఆ రోజు అమావాస్య గనక ఆయన సంపూర్ణంగా సహకరిస్తున్నారని, అందుకు సంఘం హర్షం వెలిబుచ్చుతోందని తీర్మానించారు.

రిహార్సల్సు మొదలయ్యాయి. సాయంత్రం అయ్యేసరికి శేషగిరి కాలనీ మధ్య షామియానాలో లైట్ల పెట్టె ముందు కూర్చునేవాడు. అతను మీట తోస్తే ఇళ్ళన్నీ ఎర్రబడేవి. ఇంకోటి తోస్తే పచ్చబడేవి. మనుషులు గోడల్ని బట్టి రంగులు మారుతూ అన్నాలు తినేవారు. పచ్చ వెలుగులో గోంగూర ఏదో చట్నీ ఏదో తెలీక ఇడ్లీలో గోంగూర వేసుకున్నవాళ్ళున్నారు. ఫ్రిజ్ తలుపులన్నీ "హిమాలయం" అనే దృశ్యంలో ఒక్కసారే తెరవాలి. ఆ చల్లని తెలుపు కోసం ఇంటింటా ఒక మనిషి ఫ్రిజ్ పిడి పట్టుకుని మైకులో పిలుపు కోసం కాచుకునేవాడు. ఆ ముందూ వెనకా పెరుగు కావాలంటే దొరకదు. షుగరున్న ఒక పెద్దాయన బాత్రూం లైటు గురించి అర్జీ పెట్టుకుంటే, "వ్యక్తిగత అవసరాల నిమిత్తం లేత పసుపు" అని ప్రతి రెండు దృశ్యాలకీ మధ్య కాస్త వెసులుబాటు ఇచ్చారు. లేత పసుపు పడగానే కాలనీలో సగం మంది లేచి పరిగెత్తేవారు. దూరం నుంచి చూసేవాళ్ళకి అది కూడా నృత్యంలాగే కనపడేది.

పంటి డాక్టరు రమణిగారి క్లినిక్కు ఆవిడ ఇంటి ముందు గదిలోనే. కుర్చీ మీద వేలాడే లైటుకీ నంబరు పడింది. ఒక సాయంత్రం రైసు మిల్లు నడిపే ఒకాయన నోరు తెరిచి కూర్చునున్నాడు. డాక్టరుగారు పట్టకారు పెట్టారు. సరిగ్గా అప్పుడే దృశ్యం మారింది.

"పీకేశారా డాక్టరుగారూ?" అన్నాడు మిల్లాయన చీకట్లో.

"ఆఁ, పీకేశానండి."

"మరి నొప్పి అలాగే ఉందేటండి?"

ఇంతలో ఊదారంగు వెలుగు వచ్చింది. డాక్టరుగారు పట్టకారులోకి చూసి, ఆయన నోట్లోకి చూసి, మళ్ళీ పట్టకారులోకి చూశారు. "ఇది పక్కదండి," అన్నారు. "తెల్ల లైటు ఇంకో నాలుగు దృశ్యాల తర్వాతండి. అందాకా నోరలాగే ఉంచండి బాబూ."

ఈ సంగతి తెలిసి రాజుగారు చలించలేదు. "సమష్టి సౌందర్యం కోసం వ్యక్తి ఒక పన్ను త్యాగం చెయ్యడం మన సంస్కృతిలోనే ఉంది," అన్నారు.

అంతా బాగానే ఉండేది. చివరి దృశ్యం దగ్గర చిక్కొచ్చింది. ప్రోగ్రాంకి ముగింపు ఎలా ఉండాలో శేషగిరే కలగన్నాడు. అన్ని లైట్లూ పిచ్చెక్కినట్టు తిరుగుతూ తిరుగుతూ ఉండగా ఒక్కసారి మొత్తం ఆరిపోవాలి. ఊపిరి బిగబట్టేంత చీకటి. దాని తర్వాత భళ్ళున అన్నీ ఒక్కసారి. చెబుతుంటే రాజుగారి కళ్ళు చెమర్చాయి.

"సంపూర్ణ అంధకారం!" అన్నారు. "ఒక్క చుక్క వెలుగు కూడా ఉండరాదు. ఏ ఇంటా. ఏ కారణం చేతా."

శేషగిరికి పెరట్లో ఆరబెట్టిన ప్రమిదలు గుర్తొచ్చాయి. మెల్లిగా చెప్పాడు. మర్నాడే రాజుగారూ, భాస్కరమూర్తిగారూ కండువాలు వేసుకుని అతని ఇంటికొచ్చారు. సుభాషిణి కాఫీలిచ్చింది.

"దీపం ఆర్పమని మా ఉద్దేశం కాదమ్మా," అన్నారు రాజుగారు. "తాత్కాలికంగా అప్రకాశిత స్థితిలో ఉంచమంటున్నాం. అంతే."

"పండగపూట ఆ మాట అనకూడదండి రాజుగారూ. మా ఇళ్ళల్లో దీపం ఆరిందని కూడా అనం. కొండెక్కిందంటాం."

"అలాగే ఎక్కించండమ్మా," అన్నారు భాస్కరమూర్తిగారు ఉత్సాహంగా. "దృశ్యం అయిపోగానే దించేద్దాం."

సుభాషిణి ఆయన కాఫీ గ్లాసు వైపు చూసింది. ఇచ్చినందుకు బాధపడుతున్నట్టుగా.

"పోనీ మీద గంపలు బోర్లిస్తే?" అన్నారు రాజుగారు.

"గంపల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా వస్తుందండి," అన్నాడు శేషగిరి. అని, ఎందుకన్నానా అనుకున్నాడు.

"అయితే ఇద్దరు వాలంటీర్లు దుప్పటి అడ్డం పట్టుకుంటారు."

"నిప్పు దగ్గర దుప్పటాండీ?"

"తడి దుప్పటి," అన్నారు భాస్కరమూర్తిగారు.

సుభాషిణి కొంగు సవరించుకుంది. "మీకంత శ్రమెందుకండి. మీ చీకటేదో పడనివ్వండి. పడ్డాకే పెట్టుకుంటాను," అంది.

రాజుగారు లేచి నమస్కారం పెట్టారు. వనితలు ఇలా సహకరిస్తే కాలనీ ఎక్కడికో పోతుందన్నారు. వాళ్ళు వెళ్ళాక శేషగిరి భార్యని చూశాడు. పోట్లాడుతుందనుకున్నాడు. ఆవిడ ప్రమిదలు ఒకదానిలో ఒకటి దొంతరగా సర్ది, గుడ్డ కప్పి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పండగ దాకా, "అన్నం పెట్టాను," "నీళ్ళు కాగాయి," ఇంతే మాట. పెళ్ళైన దగ్గర్నుంచి ఆవిడ అరుపులకి అలవాటు పడ్డ శేషగిరికి ఈ నెమ్మది ఒంటికి పడలేదు. అన్ని మీటలూ చేతికింద ఉన్నా, ఈ ఒక్కదాన్ని ఎలా తోయాలో తెలియలేదు.

పండగ ముందురోజు ఇంకో అవాంతరం. చీకటి దృశ్యం అభ్యాసం చేస్తుంటే రాజుగారు షామియానాలోకి వేలు చూపించారు. "అదేమిటి?"

లైట్ల పెట్టె మీద మిణుకుమంటున్న చిన్న ఎర్ర దీపం.

"పెట్టె పనిచేస్తోందని గుర్తండి."

"చీకటికి భంగం కలిగిస్తోందా, లేదా?"

"కలిగిస్తోందండి. కానీ పెట్టె ఆర్పేస్తే మళ్ళీ లైట్లు వెయ్యమని చెప్పేదెవరండి?"

"శేషగిరిగారూ, చట్టం చేసినవాడే మినహాయింపు తీసుకుంటే సామాన్యుడికి ఏం చెబుతాం? పెట్టె కూడా ఆగాలి. వీధి దీపాలూ ఆగాలి. గేటు దగ్గర ప్యానెలు గదిలో మెయినే తీసేద్దాం. మూర్తిగారు తీస్తారు, మూర్తిగారే వేస్తారు."

అది ఆమోదం పొందింది. ప్యానెలు గదికి ఎప్పుడూ తాళం ఉండాలనే నిబంధన ముందునించీ ఉంది. ఎవరూ అత్యుత్సాహంతో వెలిగించకుండా టార్చీలూ, సెల్‌ఫోన్లూ, అగ్గిపెట్టెలూ, బళ్ళ తాళాలూ అన్నీ గోనెసంచుల్లో వేసి భద్రంగా ఆ గదిలోనే పెట్టాలని కొత్త నిబంధన వచ్చింది. వాలంటీరు సంచి పట్టుకుని వస్తే సుభాషిణి వంటింటి అగ్గిపెట్టె ఇచ్చింది. దేవుడి గదిలో ఇంకోటి ఉందా అని అతనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

దీపావళి సాయంత్రం షో మొదలైంది. మొదలవడమే వీరంగం. డాబాల మీద లైట్లు తలలు తిప్పాయి, చేల మీదికి నీలం కర్రలు విసిరాయి, కొంగలు నిద్దర్లేచి రామ రామ అంటూ పక్క ఊరెళ్ళిపోయాయి. హిమాలయం దృశ్యంలో ఫ్రిజ్ తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. పిల్లాడి బూట్లు కూడా వేళకి మెరిశాయి. షీల్డు క్లబ్బు నుంచి వచ్చిన న్యాయనిర్ణేతగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. ఆయన కారు తాళం కూడా సగౌరవంగా సంచిలోకి వెళ్ళింది. శేషగిరి మీటల మీద వేళ్ళు పరిగెత్తిస్తూ, తనలో ఇంత మనిషి దాగున్నాడని ఎరువుల కంపెనీకి తెలీదు కదా అనుకున్నాడు.

చివరి దృశ్యం. లైట్లన్నీ గిర్రున తిరిగాయి. రాజుగారు చెయ్యి కిందికి దించారు. మూర్తిగారు మెయిను తీసి, బయటికొచ్చి, నిబంధన ప్రకారం గదికి తాళం వేశారు.

చీకటి. కంటికి చెయ్యి కనపడని చీకటి.

"అద్భుతం!" అన్నారు న్యాయనిర్ణేతగారు.

కాసేపైంది. "అత్యద్భుతం," అన్నారు.

ఇంకాసేపైంది. "ఈ అద్భుతం ఎంతసేపుంటుందండి?" అనడిగారు.

"మూర్తిగారూ! మీట వెయ్యండి," అని గేటు వైపు కేకేశారు రాజుగారు.

"తాళం తియ్యాలండి."

"తియ్యండి."

"చెయ్యి జారిందండి."

"ఏది?"

"తాళంచెవండి."

"ఎక్కడ పడింది?"

"అది తెలియాలంటే కనపడాలండి."

"టార్చి వేసి వెతకండి."

"టార్చి గదిలో ఉందండి."

"సెల్‌ఫోను?"

"సంచిలోనండి."

"సంచి?"

"గదిలోనండి," అన్నారు మూర్తిగారు, ఏడుపు గొంతుతో.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. "తాళం పగలగొట్టేద్దామండి" అని ఒకరంటే, "సంఘం ఆస్తికి నష్టం కలిగించాలంటే తీర్మానం కావాలి," అన్నారు రాజుగారు. "సమ్మతించేవారు చేతులెత్తండి."

"ఎత్తామండి!"

"ఎవరెవరు?"

"నేనండి."

"నేనంటే?"

"అదే, నేనండి బాబూ."

"లెక్కించడం సాధ్యపడనందున తీర్మానం వాయిదా వేయడమైనది," అన్నారు రాజుగారు చీకట్లోకి. ఆయన చీకట్లో కూడా కళ్ళజోడు మార్చుకుంటున్న చప్పుడు వినపడింది.

శేషగిరి ఆగిపోయిన పెట్టె ముందు కూర్చున్నాడు. షీల్డు పోతే పోయింది. అతని కళ్ళు తన ఇంటి వైపు వెతుకుతున్నాయి. అక్కడా చీకటే. పండగపూట తన సొంత ఇంట్లో ఒక్క దీపం లేదు. మాటకి కట్టుబడి చీకట్లో కూర్చుందన్నమాట, తను తయారుచేసిన చీకట్లో.

అప్పుడు దూరంగా ఒక చుక్క వెలిగింది.

పిట్టగోడ చివర్న. చిన్నది, పసుపుది. కాసేపు తడబడి నిలబడింది. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. ఎక్కడా తొందర లేదు. ఒక్కొక్క దీపం ముందు ఒక చెయ్యి అడ్డం పెట్టుకోవడం, చెయ్యి తీసెయ్యడం, గాజులు మెరవడం కనపడుతున్నాయి. చేల మీంచి గాలొస్తే వరసంతా ఒక్కసారి ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ లేచింది.

కాలనీ అంతా అటు తిరిగింది. ఆ రాత్రంతా వెలుగులు చూసి చూసి ఉన్న కళ్ళు మొదటిసారి రెప్ప వెయ్యడం మర్చిపోయాయి.

"అబ్బ! ఇదీ ముగింపంటే," అన్నారు న్యాయనిర్ణేతగారు. "ఒకదానికీ ఒకదానికీ పోలిక లేకుండా ఆ వణుకు ఎలా తెప్పించారండి? షీల్డు మీదేనండి, సందేహం లేదు. ఏం మిషనండి అది?"

రాజుగారు చీకట్లోనే శేషగిరి భుజం వెతికి పట్టుకున్నారు. "చెప్పండి శేషగిరిగారూ. ఈ దృశ్యం నంబరెంత?" ఆ చేతి ఒత్తిడిలో కోశాధికారి పదవి ఉంది, సింహానికి కొట్టిన మేకుంది. ఏదో ఒక నంబరు చెప్పేస్తే చాలు.

"దీనికి నంబర్లేదండి," అన్నాడు శేషగిరి. "ఇది ప్రోగ్రాంలోది కాదండి. మా ఆవిడండి."

"ఏ కంపెనీదండి?" అన్నారు న్యాయనిర్ణేతగారు.

శేషగిరి లేచి నడిచాడు. గడ్డి తడిమి, కుర్చీ తన్నుకుని, ఎవరి కాలో తొక్కి, ఆ వెలుగు పట్టుకుని నడిచాడు. అప్పటికే జనం అటు కదిలిపోతున్నారు. పంటి డాక్టరుగారు ముందే చేరుకున్నారు.

"సుభాషిణిగారూ, మా అగ్గిపెట్టెలన్నీ పట్టుకుపోయారండి. కాస్త నిప్పిస్తారా?"

"రండి రండి," అంది సుభాషిణి. కాకరపువ్వొత్తుల పెట్టె విప్పి, ఒకటి వెలిగించి చేతిలో పెట్టింది. "ఇది ఆరేలోగా ఇంటికెళ్ళిపోండి. గుమ్మంలో దీపం వెలిగించుకోండి. పరిగెత్తాలి మరి!"

డాక్టరుగారు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తారు. నిప్పుపూలు రాలుస్తూ వీధి వెంట పోతుంటే, చూసేవాళ్ళంతా "డాక్టరుగారూ, స్పీడు!" అని అరిచారు. ఆ వెనక ఇంకొకరు, ఆ వెనక షుగరు పెద్దాయన, ఏ రంగు కోసమూ ఎదురుచూడకుండా. ఒక్కో కాకరపువ్వొత్తి ఒక్కో సందులోకి ఉరుకుతోంది. మధ్యలో ఆరిపోయినవాళ్ళు నవ్వుకుంటూ వెనక్కొచ్చి మళ్ళీ వరసలో నిలబడుతున్నారు.

వరసలో రాజుగారి వంతు వచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ప్రస్తుత అసాధారణ పరిస్థితుల దృష్ట్యా, తమ వద్దనున్న జ్వలన వనరును..."

"అడుగుతున్నారా రాజుగారూ, అనుమతిస్తున్నారా?" అంది సుభాషిణి.

రాజుగారు ఆలోచించారు. ఉపసంఘం లేకుండా ఆయన ఆలోచించడం ఎవరూ అంతకుముందు చూడలేదు.

"అడుగుతున్నానమ్మా," అన్నారు.

ఆవిడ వెలిగించి ఇచ్చింది. రాజుగారు ఒక చేత్తో పంచె, ఒక చేత్తో కాకరపువ్వొత్తి పట్టుకుని పరుగు లంకించుకున్నారు. రిటైరైన దగ్గర్నుంచి ఆయన వీధిలో పరిగెత్తడం అదే మొదలు. కిందటేడు ఈల వేసినవాడే మళ్ళీ వేశాడు. ఈసారి రాజుగారు వెనక్కి తిరిగి చూడలేదు, ఆరిపోతుందని.

వరస తరిగి తరిగి ఆఖరికి ఒక్క మనిషే మిగిలాడు. తల వంచుకుని, రెండు చేతులూ ముందు కట్టుకుని.

సుభాషిణి కాకరపువ్వొత్తి తియ్యబోయి, మొహం చూసి ఆగింది.

"మీరెందుకు నిలబడ్డారండి లైన్లో?" అంది. "ఇది మనిల్లు. లోపలికొచ్చి, ఆ చివరి ప్రమిదలో నూనె పొయ్యండి."